కొండ వానకు లెక్కల పుస్తకం



వేంపల్లెలో నిలబడి దక్షిణం వైపు చూడండి. పాలకొండలు కనిపిస్తాయి. ఆ కొండల వరసను గండి దగ్గర చీల్చుకుని పాపాఘ్ని నది మన వైపు వస్తుంది. ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. పోయిన ఏడు మన మండలంలో ఎంత వాన పడింది? దీనికి ఎవరో ఒకరు లెక్క తీసి చెప్తారు. మరి ఆ కొండ మీద ఎంత పడింది? ముప్పై ఏళ్ల కింద ఎంత పడేది? పెరిగిందా, తగ్గిందా? ఇక్కడికొచ్చేసరికి ఒకరి మొఖం ఒకరు చూసుకుంటాం.

"ముందు మాదిరి వానలు లేవప్పా" అంటాం. "మా చిన్నప్పుడు వంకలు నెలల తరబడి పారేవి" అంటాం. పెద్దవాళ్ల మాట అబద్ధమని నేననను. అయితే మనిషి జ్ఞాపకానికి ఒక గుణం ఉంది. పెద్ద వరద గుర్తుంటుంది. పెద్ద కరువు గుర్తుంటుంది. మధ్యలో మామూలుగా గడిచిన పదేళ్లు గుర్తుండవు. వాతావరణం మారిందా లేదా అని తేల్చాలంటే ఆ మామూలు ఏళ్ల లెక్కే ఎక్కువ కావాలి.

ఈ పూట నేను చెప్పదలచుకుంది ఒక్కటే మాట. వాతావరణం మారిందని చెప్పాలంటే, మనం కొలిచే తీరు మారకుండా ఉండాలి. మళ్లీ చెప్తున్నాను. కొలిచే తీరు మారకుండా ఉంటేనే, కొలత మారినప్పుడు దానికి అర్థం ఉంటుంది.

పాల కేంద్రానికి పాలు పోసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మీ బర్రె పాలకు రోజూ వెన్న ఆరు శాతం వచ్చేది. ఒకరోజు ఐదు వచ్చింది. మరుసటి రోజూ ఐదే. వారమంతా ఐదే. మీరేం చేస్తారు? బర్రెకేమైనా అయిందా, మేత మారిందా అని ముందు కొట్టంలోకి పోయి చూస్తారు. తర్వాత పక్కింటాయన్ను అడుగుతారు. ఆయనకూ తగ్గింది. ఎదురింటామెకూ తగ్గింది. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. కేంద్రంలో మిషను మార్చారు. మారింది బర్రె కాదు, మిషను.

వాన లెక్కలో జరిగేదీ ఇదే. ఎండ లెక్కలో జరిగేదీ ఇదే. పదేళ్లుగా వాన తగ్గుతూ వచ్చిందని కాగితం చెప్తుంది. నిజంగా వాన తగ్గిందా? లేక వానకొలత డబ్బా పక్కన నాటిన వేపమొక్క పదేళ్లలో మానై, డబ్బాలో పడాల్సిన చినుకులకు అడ్డొచ్చిందా? రెండోదే అయితే ఆకాశానికి ఏమీ కాలేదు. చెట్టు పెరిగింది, అంతే. కానీ కాగితం మీద రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి. బర్రె మారిందా, మిషను మారిందా? ఈ ప్రశ్న ఈ ప్రసంగం అయిపోయేదాకా మీ మనసులో పెట్టుకోండి.

రాయలసీమలో ఈ జాగ్రత్త మిగతా చోట్ల కన్నా ఎక్కువ కావాలి. ఎందుకంటారా? కడప జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లని చెప్తారు. అయితే ఏ ఏడూ ఆ సాధారణం ప్రకారం నడవదు. ఒక ఏడు ఎండగడుతుంది. ఒక ఏడు ముంచుతుంది. ఏటికేటికీ ఇంత తేడా ఉన్నచోట, నిదానంగా వచ్చే మార్పు ఆ ఎగుడుదిగుళ్ల కిందపడి కనిపించకుండా పోతుంది. దాన్ని పట్టుకోవాలంటే చాలా ఏళ్ల లెక్క కావాలి. అందులో తప్పులు చాలా తక్కువ ఉండాలి. ప్రపంచ వాతావరణ సంస్థ ముప్పై ఏళ్ల సగటును ప్రమాణంగా పెట్టుకుంది. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా తీసిన సగటు. రెండేళ్లు వాన రాకపోతే "కాలం మారిపోయింది" అనడం తొందరపాటు. ముప్పై ఏళ్లు చూశాక కూడా మార్పు లేదని మొండికేయడం అంతకన్నా తప్పు.

ఇక కొండల సంగతి. కొండ దగ్గర వాతావరణం మైలు మైలుకూ మారుతుంది. ఎత్తు ఎక్కేకొద్దీ చల్లబడుతుంది. లెక్క ప్రకారం కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ తీసుకోండి. మనవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. ఒకప్పటి కడప కలెక్టరు హార్స్‌లీ పేరు దానికి పడింది. ఎత్తు 1,265 మీటర్లు. కడప పట్నానికీ ఆ కొండకూ ఎత్తులో ఉన్న తేడాను బట్టే దాదాపు ఏడు డిగ్రీల తేడా రావాలి. కాబట్టి కడపలో కొలిచిన ఎండను పట్టుకుని కొండ సంగతి చెప్పలేం.

వాన ఇంకా చిక్కు పెడుతుంది. తేమ గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది. లేచినప్పుడు చల్లబడుతుంది. చల్లబడినప్పుడు కురుస్తుంది. కొండ దాటి ఇవతలకు వచ్చేసరికి దానిలో సరుకు తగ్గిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం నుంచి వచ్చే వానలు రాజంపేట, కోడూరు వైపు బాగా పడి, వేంపల్లె, పులివెందుల వైపు పలచబడటం మీరు చూస్తూనే ఉన్నారు. నిన్నమొన్నటి దాకా ఒకే జిల్లా. ఒకే మబ్బు. మధ్యలో ఉన్నది కొండ.

ఆ కొండ మీద పడిన నీళ్లు కొండ మీదే ఉండిపోవు కదా. 2001 అక్టోబరులో బుగ్గవంక పొంగి కడప పట్నాన్ని ముంచింది. ఆ వంక పాలకొండల వైపు నుంచి వచ్చేదే. 2021 నవంబరులో వాయుగుండం వచ్చింది. తిరుమల ఘాట్‌రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. అదే వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కూలింది. కట్ట ఎంత ఎత్తు కట్టాలి, గేట్లు ఎన్ని పెట్టాలి, వంతెన ఎంత పైకి లేపాలి అని ఇంజనీర్లు ఎలా లెక్క వేస్తారు? గతంలో పడిన వానల లెక్కను బట్టి వేస్తారు. ఆ లెక్క పొట్టిదైతే అంచనా పొట్టిదవుతుంది. కింద పల్లంలోనే కొలిచి పైన కొండను వదిలేస్తే అంచనాలో సగం ఊహే ఉంటుంది.

మన దేశంలో ఈ కొలతలకు కరువులు కూడా కారణం. వాతావరణ శాఖ మొదలైంది 1875లో. ఆ మరుసటి ఏడే ధాత సంవత్సరం వచ్చింది. ధాత కరువు అంటే సీమలో ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్పుకుంటారు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. ఆ తర్వాత వేసిన కరువు కమిషను 1880లో నివేదిక ఇచ్చింది. వానలూ పంటలూ ముందుగా తెలుసుకునే ఏర్పాటు ప్రభుత్వానికి ఉండాలన్న ఆలోచన బలపడింది అప్పుడే. తాలూకా కచేరీ ఆవరణలో వానకొలత డబ్బా, పొద్దున్నే దాన్ని చూసి రాసే ఒక గుమాస్తా. మన వాన లెక్కల్లో పాతవన్నీ అలాంటి గుమాస్తాల చేతి రాతే. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. నా దృష్టిలో వాళ్లు శాస్త్రజ్ఞులకేమీ తీసిపోరు. అయితే ఒకటి గమనించండి. తాలూకా కచేరీలు ఎక్కడుంటాయి? మైదానంలో ఉంటాయి. రోడ్డు ఉన్నచోట, సంత జరిగేచోట ఉంటాయి. కొండ మీద కచేరీ ఎవరు పెడతారు? అందుకే ప్రపంచమంతటా కొండల లెక్క తక్కువే.

కొండ ఎత్తున నిలకడగా కొలిచినచోట్లు లేకపోలేదు. ఆస్ట్రియా దేశంలో సోన్‌బ్లిక్ అనే శిఖరం ఉంది. మూడు వేల మీటర్లకు పైన. అక్కడ 1886 నుంచి వాతావరణాన్ని కొలుస్తూనే ఉన్నారు. మన దగ్గర మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం వందేళ్ల కిందట అక్కడ ఆసుపత్రి పెట్టారు. గాలి పొడిగా, చల్లగా ఉంటుందని ఆ చోటు ఎంచుకున్నారు. వాతావరణ శాఖ రాయలసీమ నివేదికల్లో ఆరోగ్యవరం పేరు ఇప్పటికీ వస్తుంది. కడప, కర్నూలు, నంద్యాల, అనంతపురం వరసలో ఎత్తైన చోటి లెక్క అది.

తిరుపతి దగ్గర గాదంకి సంగతి కూడా చెప్పాలి. చుట్టూ కొండలున్న ఆ లోయలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడారు 1990ల మొదట్లో వచ్చింది. 1024 యాంటెన్నాలు నేల మీద వరసలు తీరి ఉంటాయి. అవి రేడియో తరంగాలను పైకి పంపి, ఎన్నో కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో చెప్తాయి. మన సీమలో అలాంటిది ఉండటం గర్వపడాల్సిన విషయమే. అయితే ఆ రాడారు మీ చీనీ తోటలో నిన్న రాత్రి ఎంత వాన పడిందో చెప్పదు. దానికి కింద ఒక డబ్బా ఉండాలి. దాన్ని చూసే మనిషి ఉండాలి.

డబ్బా అన్నాను కదా, దాని సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మన రైతు వానను పదునుతో కొలుస్తాడు. జానెడు పదునైంది, మూరెడు పదునైంది అంటాడు. విత్తనం వేయడానికి అంతకన్నా మంచి కొలత లేదు. కానీ ఎర్రనేలలో పదును వేరు, రేగడిలో పదును వేరు. ఇరవై ఏళ్ల కిందటి జానెడునూ ఇప్పటి జానెడునూ పక్కపక్కన పెట్టలేం. అందుకే మిల్లీమీటర్లు. మిల్లీమీటరంటే భయపడకండి. వాన నేలలో ఇంకకుండా, పారకుండా అలాగే నిలబడితే ఎంత మందాన నిలుస్తుందో, అదే కొలత. పది మిల్లీమీటర్ల వాన పడిందంటే ఎకరాకు సుమారు 40 వేల లీటర్ల నీళ్లు పడినట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకరుతో ఎనిమిది ట్యాంకర్లు. చెట్లకు ట్యాంకరు నీళ్లు తోలినవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు.

చాలామందికి ఒక అనుమానం వస్తుంది. పెద్ద మూతి పాత్ర పెడితే ఎక్కువ వాన, చిన్న మూతి పెడితే తక్కువ వాన చూపిస్తుందేమో అని. చూపించదు. పాత్ర గోడలు నిటారుగా, మూతీ అడుగూ ఒకే వెడల్పు ఉంటే, నీళ్లు నిలిచే ఎత్తు ఒకటే. వాతావరణ శాఖ వాడే డబ్బాకు పైన గరాటు ఉంటుంది, లోపల సీసా ఉంటుంది. నీళ్లు ఆవిరైపోకుండా ఆ ఏర్పాటు. గరాటు మూతి 200 చదరపు సెంటీమీటర్లయితే, సీసాలో 20 మిల్లీలీటర్ల నీళ్లు వచ్చాయంటే ఒక మిల్లీమీటరు వాన. బడిలో సైన్సు చెప్పే అయ్యవారికి ఈ లెక్క నిమిషం పని.

దాన్ని ఎక్కడ పెట్టాలి? ఖాళీ నేల మీద పెట్టాలి. మిద్దె మీద వద్దు. పక్కన చెట్టుగానీ గోడగానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. పదడుగుల గోడ ఉంటే ఇరవై అడుగుల అవతల. కొండ మీదైతే సరిగ్గా శిఖరాన పెట్టకండి. అక్కడ గాలి చినుకును డబ్బాలో పడనివ్వదు. పక్కకు ఎగరగొడుతుంది. తక్కువ వాన పడినట్టు కనిపిస్తుంది. కొంచెం కింద, చదునుగా, గాలి మరీ కొట్టని చోటు చూసుకోవాలి. గండి లాంటి చోట్ల కోతులతో కూడా లెక్క ఉంది. చుట్టూ కంచె లేకపోతే సీసా వాటి చేతిలో ఉంటుంది.

ఎప్పుడు చూడాలి? పొద్దున ఎనిమిదిన్నరకు. దేశమంతా అదే సమయం. రోజూ అదే సమయం. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. మంగళవారం రాత్రి వాన పడింది. బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచారు. ఏ తేదీ కింద రాయాలి? బుధవారం కింద రాయాలి. కొలిచిన రోజే రాసే రోజు. ఒక ఊరు ఇలా, ఒక ఊరు అలా రాస్తే, పక్క పక్క ఊళ్ల లెక్కలు ఎన్నటికీ కలవవు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పెన్ను చేతిలో ఉంటే రాసుకోండి. వాన పడని రోజు సున్నా వెయ్యాలి. చూడని రోజు గీత వెయ్యాలి. సున్నా వేరు, గీత వేరు. సున్నా అంటే నేను పోయి చూశాను, నీళ్లు లేవు అని. గీత అంటే నేను చూడలేదు, నాకు తెలియదు అని. పెళ్లికి పోయి మూడు రోజులు చూడలేదనుకోండి. ఆ మూడు రోజులకూ సున్నాలు పెడితే, రేపు ఆ పుస్తకం చదివేవాడు వాన లేదనుకుంటాడు. అలా చిన్న చిన్న సున్నాలు పోగై లేని కరువును పుట్టిస్తాయి. ఖాళీ ఉంటే నామోషీ ఏమీ కాదు. ఊహించి నింపితేనే నష్టం. వారమంతా వదిలేసి ఆదివారం కూర్చుని గుర్తున్నంత వరకూ రాయడం కూడా లెక్క కాదు. తప్పు పడితే చెరపకండి. ఒక్క గీత కొట్టి పక్కన సరైన అంకె రాయండి. పాత అంకె కనిపిస్తూ ఉండాలి.

పుస్తకం చివర నాలుగు పేజీలు వేరుగా ఉంచండి. వాటిలో అంకెలు ఉండవు, మాటలే ఉంటాయి. డబ్బా ఏ రోజు పెట్టాం, ఎక్కడ పెట్టాం. ఏ రోజు చోటు మార్చాం. ఏ రోజు పక్కన గోడ లేచింది. ఏ రోజు కొత్త డబ్బా వచ్చింది. ఇదివరకు చూసే మనిషి ఎవరు, ఇప్పుడు చూసేది ఎవరు. రేపు ఎవరైనా "బర్రె మారిందా, మిషను మారిందా" అని అడిగితే, జవాబు ఆ నాలుగు పేజీల్లోనే ఉంటుంది. నన్నడిగితే అంకెల పేజీల కన్నా వాటి విలువే ఎక్కువ. కొత్త పరికరం వచ్చినప్పుడు పాతదాన్ని వెంటనే పీకేయకూడదు. ఒకటి రెండేళ్లు రెండూ పక్కపక్కన ఉంచి, రెండింటి లెక్కా రాయాలి. తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇంకోసారి చెప్తాను. చోటు మారకూడదు. సమయం మారకూడదు. డబ్బా మారకూడదు. మారక తప్పకపోతే, మారిందని రాసిపెట్టాలి.

ఈ జాగ్రత్త పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. హవాయి దీవుల్లో మౌనా లోవా అనే కొండ ఉంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో 1958 నుంచి అక్కడ కొలుస్తున్నారు. మొదలుపెట్టినాయన చార్లెస్ కీలింగ్. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. భూమి వేడెక్కడం గురించి ప్రపంచం మాట్లాడే మాటలకు ఆ లెక్క పెద్ద ఆధారం. ఆ కొండ ఒక అగ్నిపర్వతం. 2022 నవంబరులో అది పేలింది. దారి పోయింది, కరెంటు పోయింది. పక్కనున్న మౌనా కియా కొండ మీద కొలత మొదలుపెట్టారు. ఏ రోజు నుంచి ఏ కొండ మీద కొలిచారో లెక్కతో పాటే రాసి పెట్టారు. చూశారా? వాళ్లూ చేసింది పుస్తకం చివర నాలుగు పేజీలు రాయడమే.

మన రైతులు ఇది చేయగలరా అని కొందరికి అనుమానం. చేసి చూపించారు. 2003 ప్రాంతంలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఒక పథకం నడిచింది. రైతులే భూగర్భజలాన్ని కొలుచుకుని, రైతులే లెక్క వేసుకునే పథకం. నెదర్లాండ్స్ ప్రభుత్వమూ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థా దానికి అండగా నిలిచాయి. మన కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు జిల్లాలు, వాటితో పాటు ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ. అన్నీ కలిపి ఆరువందలకు పైగా పల్లెలు. ఆడవాళ్లూ మగవాళ్లూ రోజూ వాన కొలిచారు. బోర్లలో నీటిమట్టం ఎప్పటికప్పుడు కొలిచారు. ఊళ్లో బోర్డు మీద అందరికీ కనిపించేలా రాశారు. రబీ ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వెయ్యాల్సిన పంటకు కావాల్సినవెన్ని అని లెక్క చూసుకున్నారు. చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఎవరూ జరిమానా వెయ్యలేదు. సొంతంగా కొలిచిన అంకె మీద రైతుకు నమ్మకం కుదిరింది.

మండలాల్లో ఇప్పుడు ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు కూడా ఉన్నాయి కదా, మళ్లీ ఈ డబ్బాలూ పుస్తకాలూ ఎందుకు అంటారు. ఆ కేంద్రాలు మంచివే. గంటగంటకూ లెక్క పంపుతాయి. ఆ పని మనిషి చేయలేడు. కానీ లోపల వాన కొలిచే చిన్న తొట్టి ఉంటుంది. గరాటులో దుమ్ము చేరినా, వేపాకు పడినా ఆ తొట్టి కదలదు. బయట వాన దంచుతున్నా సున్నా అని పంపుతుంది. పక్కన ఒక మామూలు డబ్బా ఉంటే ఆ తప్పు ఆ రోజే తెలుస్తుంది. ఇక మీ సెల్‌ఫోనులో కనిపించే ఉష్ణోగ్రత సంగతి. అది చాలాసార్లు మీ ఊళ్లో ఎవరూ కొలిచింది కాదు. దూరంగా ఉన్న కేంద్రాల లెక్కలను బట్టి కంప్యూటరు వేసిన అంచనా. మైదానంలో ఆ అంచనా ఫరవాలేదు. కొండ మొదట్లో చాలా తప్పుతుంది. దాన్ని చూసి పుస్తకంలో రాయకండి.

మరి ఎవరు చూడాలి? అందరికీ ముందు తట్టేది బడి. మంచిదే. కానీ ఎండాకాలం సెలవుల్లో బడి మూసేస్తారు. రోహిణి కార్తెలో గాలివానలు వచ్చేది అప్పుడే. ప్రతి ఏడూ అదే కాలంలో ఖాళీ పడితే, ఆ కాలపు లెక్క ఎప్పటికీ ఉండదు. అందుకని బడిలో డబ్బా పెడితే, సెలవుల్లో చూసే మనిషిని ముందే ఒప్పించుకోవాలి. నా సలహా ఇంకొకటి. రోజూ మనిషి ఎలాగూ ఉండే చోట్లు చూడండి. గుడి ఉంది. పూజారి పొద్దున రాకుండా ఉండడు. పాల కేంద్రం ఉంది. దానికి సెలవు లేదు. ఇక కొండల్లో ఎర్రచందనం కాపలాకు అటవీ శాఖ వాళ్ల బేస్ క్యాంపులు ఉన్నాయి. శేషాచలం అడవుల లోపల అన్ని కాలాల్లోనూ మనుషులుండే చోట్లు అవి. ప్రతి క్యాంపులో ఒక వానకొలత డబ్బా, ఒక పుస్తకం ఉంటే, కొండ లోపలి వాన వరసగా లెక్కకెక్కుతుంది. ఇందులో పెద్ద ఖర్చు లేదు. అధికారులు ఆలోచించాలి. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఆ పిల్లలు కొండ ఒళ్లోనే చదువుకుంటున్నారు. ఈ పుస్తకాలను పోల్చి తప్పులు పట్టే పనికి వాళ్లకన్నా తగినవాళ్లు దగ్గర్లో లేరు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మీ పుస్తకం చూసి పంటల బీమా కంపెనీ డబ్బులివ్వదు. వాన ఆధారంగా ఇచ్చే బీమా మన తెలుగు నేల మీదే, 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో మొదలైంది. దానికి ఒప్పుకున్న కేంద్రంలో పడిన వానే లెక్క. మీ చెనిక్కాయ చేలో పడింది లెక్క కాదు. కేంద్రం ఉన్న చోట వాన పడి, కొండ మరుగున మీకు పడకపోతే నష్టం మీదే. కానీ పది పల్లెల్లో ఐదేళ్ల పుస్తకాలుంటే, "ఇదిగో, కొండకు ఈ పక్క వాన వేరు, మాకు ఇక్కడ ఒక కేంద్రం కావాలి" అని కలెక్టరు ముందు పెట్టి అడగవచ్చు. నోటి మాటగా అడిగితే అర్జీ అవుతుంది. పుస్తకం పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

రాసిపెట్టడం అంటే మన ఊరి రాళ్లు గుర్తొస్తాయి. వేంపల్లె పేరు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. ఇక్కడి సున్నపురాతి పొరలకు మన ఊరి పేరే ఉంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం రాశాడు. 190 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ రాళ్లలో, అప్పటి లోతులేని సముద్రంలో పెరిగిన నాచుజీవుల పొరలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాయి తన లెక్క తానే రాసుకుంది. వానకు ఆ గుణం లేదు. పడుతుంది, పోతుంది. రాయాల్సింది మనమే.

ఈ లెక్క ఫలితం మనకు వెంటనే కనిపించదు. ముప్పై ఏళ్ల లెక్క అంటే, ఈ రోజు మొదలుపెట్టే పిల్లవాడు నడివయసుకు వచ్చేసరికి దానికి పూర్తి విలువ వస్తుంది. కాబట్టి ఒక మనిషి ఉత్సాహం మీద వదిలేయకండి. ఇద్దరు ముగ్గురు చూసేలా పెట్టుకోండి. ఏడాదికొకసారి పుస్తకాన్ని ఫోటోలు తీసి గ్రామ సచివాలయంలో ఒక నకలు ఇవ్వండి. చెదలకూ వరదకూ పుస్తకం మీద గౌరవం ఉండదు.

చివరగా శ్రోతలకు ఒక మనవి. మీ ఇళ్లలో పాత పెట్టెలుంటాయి. నాన్నగారో తాతగారో కరణమో మునసబో అయ్యవారో అయి ఉంటారు. వాళ్లు రాసుకున్న డైరీలుంటాయి. ఏ కార్తెలో వాన పడింది, ఏ రోజు చెరువు అలుగు పారింది, ఏ ఏడు విత్తనం ఎప్పుడు వేశారు అని అందులో రాసి ఉండవచ్చు. పాత కాగితాలని తూకానికి వెయ్యకండి. దగ్గర్లోని కాలేజీకో బడికో చూపించండి. వాన సంగతి ఉన్న ఒక్క పేజీ దొరికినా దాన్ని నకలు తీయించండి. ఇక వచ్చే ముంగారుకు ముందు, మీ ఊళ్లో డబ్బా పెట్టే చోటు ఏదో, పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని చూసే మనిషి ఎవరో ఈ వారంలోనే తేల్చుకోండి.